టవర్ల ఆఫీసరు

“నన్ను చంపేసినారు. నలుగురూ కలిసి చంపేసినారు.”

మూసిన తలుపు వెనక నుంచి విష్ణు కేక వినబడేసరికి ఉరుకుందప్ప బొరుగుల ఉగ్గాని తినడం ఆపి, ప్లేటు పట్టుకునే సగం లేచాడు. ఆయన భార్య మల్లేశ్వరి కొరికిన బజ్జీని నోట్లోనే ఉంచుకుని తలుపు వైపు చూసింది. కూతురు శ్రీవల్లికి పెళ్ళికొడుకును చూడాలని వాళ్ళు ఎమ్మిగనూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి ఆదోని వచ్చారు. ఆ పెళ్ళికొడుకే లోపల చచ్చిపోయినవాడు.

విష్ణు తల్లి సులోచనకు ఒక్క క్షణంలో అన్నీ కనబడ్డాయి. ఈ సంబంధం తప్పిపోయినట్టు, కొడుకు నెరిసిన జుట్టుతో అదే కంప్యూటరు ముందు కూర్చున్నట్టు, తాను పోయాక వాడికి ఇంత ముద్ద పెట్టే దిక్కు లేనట్టు. తలుపు సందులోంచి తల దూర్చింది.

“ఒరే, వాళ్ళు వచ్చి కూర్చున్యారు. లెయ్యి.”

“ఆట మధ్యలో ఉండాను మా. నేను లేస్తే మా జట్టు ఓడిపోతాది. అందరూ నన్నే తిడతారు.”

“నీ పెండ్లి రా.”

“పెండ్లి ఆగుతాది. ఇది ఆగదు.”

ఆ ఆటలో ఈ పక్క అయిదుగురు, ఆ పక్క అయిదుగురు. ఒకరి టవర్లు ఒకరు కూలగొట్టాలి. చచ్చినవాడు కాసేపటికి మళ్ళీ బతుకుతాడు. బతికి ఉద్ధరించేదీ లేదు, మళ్ళీ పోయి చస్తాడు. చదువు అయిపోయినప్పటి నుంచి విష్ణు చేస్తున్న పని ఇదొక్కటే.

సులోచన తలుపు మూసి, మొహాన నవ్వు తెచ్చుకుని వచ్చింది.

“ఆఫీసు మీటింగు అన్నా. ఇంటి నుంచే పని.”

“ఏం ఆఫీసమ్మా?” అన్నాడు ఉరుకుందప్ప.

ఆమె నోట మాట రాకముందే లోపలి నుంచి వినబడింది. “పై టవరు పడిపోయింది. కింద టవరు కాడ ఎవరూ లేరా?”

“సెల్లు టవర్ల కంపెనీ,” అంది సులోచన. దేవుడే గదిలో కూర్చుని అందించినట్టు అనిపించింది. “యాడ టవరు పడినా మావోడే సూసుకోవల్ల. ఆఫీసరు కదా.”

“నేను పోయినా. కాసేపు ఆగండి, మళ్ళీ వస్తా,” అని లోపలి నుంచి కేక.

“సిగ్నలు గురించి అన్నా. పోతాది, వస్తాది.”

“అడవిలో వాడొక్కడే తిరుగుతాండాడు. అందరూ చుట్టుకుని ఏసేయండి.”

మల్లేశ్వరి బజ్జీ మింగేసి, “అదేంది వదినా?” అంది.

“దొంగనాయాళ్ళు వదినా. అడవుల్లో టవర్ల కాడ తీగలు కోసుకపోతారు. మావోడు ఈడ కూర్చునే పట్టిస్తాడు.”

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. ఉద్యోగం చిన్నదని అనుకుంటున్నారేమోనని సులోచన దాన్ని ఇంకాస్త పెంచింది.

“ఇప్పుడంటే ఆదోనిలో ఉండాడు. వచ్చే నెల హైదరాబాదు ఏస్తారు. ఆమీదట ఢిల్లీ అంట. ఈ పక్కకు రానే రానియ్యరు. అంత పెద్ద ఉద్యోగం.”

ఉరుకుందప్ప ప్లేటు కింద పెట్టి కండువా దులుపుకున్నాడు.

“వస్తామమ్మా. ఈ సంబంధం సెప్పిన ఆస్పరి లింగమ్మ మాతో ఒకటి సెప్పింది, ఈడ ఇంకొకటి ఉంది.”

“ఏం సెప్పింది?”

“పిల్లోనికి ఏ పనీ లేదు, పొద్దున కుర్చీలో కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేవడు, తాగడు, తిరగడు, గడప దాటడు అనింది. అంతకంటే మంచి పిల్లోడు మాకు యాడ దొరుకుతాడని వచ్చినాం. మాకుండేది ఒకే కూతురు. బట్టలంగడి ఉంది. అంగట్లో లేవకుండా కూర్చునేటోడు కావల్ల. ఇల్లరికం. ఢిల్లీకి పోయే ఆఫీసరును తెచ్చుకుని ఏం చేసుకుంటాం?”

సులోచన మనసులో లెక్క వేసుకుంది. లేవకుండా కూర్చోవడానికి జీతం, భోజనం, పిల్ల. లోకంలో తన కొడుకు కోసమే పుట్టిన ఉద్యోగం అది. ఎమ్మిగనూరు ఎంత దూరం, బస్సెక్కితే గంట.

“అన్నా, కూర్చోండి. అంతా అబద్ధం. వానికి ఉద్యోగం లేదు, టవర్లు లేవు. లోపల ఆడేది ఆట. ఇంట్లో దండగకు కూర్చున్యాడు. మీరు పేరు పెట్టుకున్న ఉరుకుంద ఈరన్న సామి మీద ఒట్టు.”

ఉరుకుందప్ప నవ్వాడు. “ఏ తల్లి అయినా కొడుకును ఆఫీసరని సెప్పుకుంటాది. ఆఫీసరును పట్టుకుని సోమరిపోతని సెప్పే తల్లిని ఈడే సూస్తాండా. అంగడి మీద మనసు పడినట్టుంది.”

“లేదన్నా, నిజంగా సోమరిపోతే. కావాలంటే వీధంతా అడగండి.”

“వీధి ఎందుకు, పిల్లోన్నే అడుగుదాం,” అంది మల్లేశ్వరి.

ఆట ముగిసినట్టుంది, తలుపు తెరుచుకుంది. చెదిరిన జుట్టుతో, ఎర్రటి కళ్ళతో విష్ణు, బయటి మాట ఒక్కటీ చెవిన పడనివ్వని హెడ్‌ఫోన్లు అప్పుడే తీస్తూ, బయటికి వచ్చి నిలబడ్డాడు.

“నాయనా,” అన్నాడు ఉరుకుందప్ప, “మీ అమ్మ నిన్ను ఒకసారి టవర్ల కంపెనీ ఆఫీసరంటాది, ఒకసారి ఏ పనీ లేని సోమరిపోతంటాది. ఏది నిజం? నువ్వు ఏది సెప్తే అదే నమ్ముతాం.”

విష్ణు తల్లి వైపు చూశాడు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు, రెండు చేతులూ జోడించి ఉన్నాయి. తన వల్ల అమ్మ నలుగురిలో ఎంత తలవంచుకుందో అతనికి ఇన్నేళ్ళకు తెలిసివచ్చింది. జుట్టు సర్దుకుని, నిటారుగా నిలబడ్డాడు.

“ఆఫీసరునే మామా. మాయమ్మకు దిష్టి భయం. ఎవరొచ్చినా నాకు పని లేదనే సెప్తాది.”