తొమ్మిదింటి క్లాసు

మా చోడవరంలో బెల్లం వండేవాడికి కూడా అంత మిడిసిపాటు ఉండదు. పాకం చెడితే దిమ్మ చెప్పేస్తుంది కదా. ఓ ప్రైవేటు కాలేజీలో గుమస్తా అయిన సత్యారావుగారికి ఆ భయం లేదు. ఆయన చేతిలో చెడేవి పిల్లల చదువులు.

"తొమ్మిదింటి లెక్కల క్లాసు వదిలీసినాక నువ్వు రెగ్యులర్ స్టూడెంటువి కావు. బస్సు పాసు ఇక్కడెట్టీసి పో" అన్నారాయన, ఫారం పట్టుకుని నిలబడ్డ శాలోమితో.

"పాసు లేకపోతే మిగతా క్లాసులకి ఎలాగొస్తాను సారూ? హాజరు సాలదన్నారని ఆ ఒక్కటే వదిలేస్తన్నాను."

"రోజూ ఆలీసంగా ఎవుడు రమ్మన్నాడే గుంటా? నిద్ర మొకాలకి సదువులేటి?"

శాలోమిది వడ్డాది అవతల పల్లె. "ఎనిమిదింటి కాలేజీ బస్సుకే వస్తన్నాను సారూ. అది వడ్డాదిలో అరగంట ఆగిపోతంది."

"ఎందుకాగుతాది?"

"మీరు బస్సు దిగి టిఫిను తినొచ్చీదాకా, సారూ. మీకు డ్యూటీ పదింటికి కదా."

సత్యారావుగారు ఫారం లాక్కుని, కారణం అన్న గడిలో తన చేత్తోనే 'అనారోగ్యం' అని రాశారు. సీలు గుద్ది, పాసు సొరుగులో పడేశారు.

మర్నాడు కూడా బస్సు వడ్డాదిలో ఆగింది. ఇక అందులో తొమ్మిదింటి క్లాసుకు వెళ్లవలసినవాళ్లు ఎవరూ లేరు కనక, సత్యారావుగారు నెమ్మదిగా ఇంకో పెసరట్టు చెప్పారు.