ఒక్క స్థానానికి

రాళ్లు కోసే షెడ్డులో దుమ్ము కొలత 0.14 వచ్చింది. 0.1 దాటితే ఊపిరితిత్తులకు ముప్పు.

"షెడ్డు మూసేయాలి సార్," అంది గాలి పరీక్షించే అమ్మాయి.

మేనేజరు నవ్వాడు. "హద్దు ఒక్క దశాంశ స్థానానికే ఇచ్చారు కదమ్మా. నువ్వూ ఒక్క స్థానానికే సవరించు. నాలుగుంటే వదిలేయాలని బళ్లో చెప్పలేదా?"

"చెప్పారు సార్. కానీ..."

"షెడ్డు మూస్తే రేపు ఈ కూలీల పొయ్యిలో పిల్లి లేస్తుందా?"

లెక్క ప్రకారం తప్పు కాదు. ఆమె 0.1 అని రాసి సంతకం పెట్టింది.

బయట కోతపనివాళ్లు ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. దగ్గొచ్చింది. మళ్లీ సవరించుకున్నాడు.

"ఏం తేలింది సార్?"

"భయం లేదు. హద్దులోనే ఉంది," అన్నాడు మేనేజరు.

పెద్దాయన ముఖం విచ్చుకుంది. ముక్కు మీది గుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు.

"మీరూ విప్పండ్రా! ఇంకా ఎందుకా అనుమానం? కొలిచింది ఎవరో కాదు, మా అమ్మాయి. మా ఇంట్లో చదువుకున్నది అదొక్కతే!"