ఇత్తడి బిళ్ల, మామిడికాయ

"నీ మిషన్‌తోనే పని పడినాది," అంది ప్రిన్సీ తలెత్తకుండా.

కేశవ నమ్మలేకపోయాడు. నరసాపురం షెడ్డులో అతను నడిపేది ఇనుము కోసే ఫైబర్ లేజర్. ఆమె నడిపేది చెక్క మీదా తోలు మీదా బొమ్మలు గీసే గ్యాస్ లేజర్. ఏది గొప్పదని ఇద్దరూ వారం నుంచి వాదించుకుంటున్నారు.

ఆమె అరచేతిలో ఇత్తడి బిళ్ల ఉంది. వాళ్ల తాత బంగారు గనిలోకి దిగేటప్పుడు మెడలో వేసుకున్న టోకెన్. దాని మీది 614 నంబరు కనబడీ కనబడనట్టు అరిగిపోయింది.

"ఇత్తడి ముందర నా లేజర్ ఓడిపొయినాది. ఇంగ నవ్వుకోప్పా."

కేశవ నవ్వకుండా బిళ్లను తన మిషన్ కింద పెట్టాడు. నిమిషంలో 614 మళ్లీ మెరిసింది. తర్వాత అతను సంచిలోంచి తమ తోట మామిడికాయ తీశాడు. దాని కింద చిల్లులు పడిన కాయలు ఇంకో మూడు ఉన్నాయి.

"పవర్ తగ్గిస్తే గీత పడలా, పెంచితే చిల్లు పడినాది. నీదైతే తొక్క మీదే రాస్తాది గదా."

"ఏం రాయాల?"

"నీ పేరు."

ఆమె కాయను తన మిషన్ దగ్గరికి పట్టుకుపోయింది. కాసేపటికి షెడ్డంతా మామిడి వాసన వేసింది.

కేశవ కాయ అందుకుని తిప్పి చూశాడు.

"రెండు పేర్లుండాయే?"

"కాయ పెద్దది," అంది ప్రిన్సీ. "చోటు మిగిలినాది."