కాదనలేక

"ముగ్గురికీ వస్తానన్నావా!" భర్త చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. "ఎవరైనా ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్తారు. నీకు ముగ్గురేమిటే?"

లైబ్రేరియన్ తల వంచుకుంది. ఆమె జబ్బే అది, మొహమాటం. తోటివాళ్ళ ఆదివారం డ్యూటీలన్నీ నెత్తిన వేసుకుని, చివరికి మొన్న పుస్తకాల బీరువాల మధ్య నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక థెరపీ తీసుకుని తీరాలని అప్పుడే గట్టిగా అనుకుంది.

"ముగ్గురితో మాట్లాడి చూసి, నచ్చినవాళ్ళని ఎంచుకోమంది అక్క. మాట్లాడాను."

"మరి ఎంచుకోవద్దూ?"

"మొదటాయన నన్ను నోరెత్తనివ్వలేదు, అంతా ఆయన గొడవే. రెండో ఆవిడ నేను చెబుతుంటే చక్కగా కునుకు తీసింది. కానీ చివర్లో ఇద్దరూ 'వచ్చేవారం వస్తారుగా' అని నవ్వుతూ అడిగితే ఏం చెప్పను? పాపం అనిపించి తలూపేశాను. మూడో ఆవిడ మాత్రం... నేను చెప్పిందంతా విన్నారండీ. ఇన్నాళ్ళకి ఒక మనిషి విన్నారు. నాకు ఆవిడ చాలు."

"అయితే మిగతా ఇద్దరికీ రానని చెప్పెయ్."

"అమ్మో, నా వల్ల కాదు! ఆవిడకి ఖాళీ ఉన్న రోజుల్లోనే వీళ్ళూ రమ్మన్నారు. రేపటికల్లా తేల్చకపోతే ఆవిడ ఆ టైము ఇంకెవరికో ఇచ్చేస్తారు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ మాత్రానికే బెంగా? పాస్‌పోర్టు ఆఫీసు కౌంటర్లో కూర్చుని పొద్దస్తమానం జనాన్ని తిప్పి పంపడమే కదా నా పని! మొహమాటం అనేది మా ఇంటా వంటా లేదు. రేపు నేనే వెళ్ళి ఒక్క ముక్కలో తేల్చేసి వస్తా."

మర్నాడు సాయంత్రం ఆమె గుమ్మంలోనే కాచుకుని ఉంది. భర్త వస్తూనే, "రెండు చోట్లా నీ పేరు కొట్టేశారు," అన్నాడు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "మొదటాయన ఏమీ అనలేదా?"

"అనకేం. కూర్చోమన్నాడు. మంచినీళ్ళిచ్చాడు. నిద్ర సరిగ్గా పడుతోందా అని అడిగాడు." భర్త గొంతు సవరించుకున్నాడు. "అంత ఆప్యాయంగా అడిగితే ఎలా లేచొస్తాం? మంగళవారం నేను వెళ్తున్నాను."

"రెండో ఆవిడ?"

"గురువారం. పెద్దావిడ కదా, కాదంటే ఏం బాగుంటుంది?"

"ఏమండీ!"

"ఇంకోటుంది, కోప్పడకు. భార్యాభర్తలు కలిసొస్తే ఇంకా మంచిదని ఆ పెద్దావిడే అంది. శనివారానికి మనిద్దరి పేర్లూ రాయించేశాను."

"నేను రాను," అంది ఆమె.

ఆ మాట అన్నదెవరా అని తనే వెనక్కి తిరిగి చూసింది.