డబ్బాలో రాలే రాయి

ప్రదీప్‌కుమార్‌ను నేను ఈ జన్మలో క్షమించను. మైదుకూరులో నేను నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో కంప్యూటర్‌కు కొత్త హార్డ్ డిస్క్ బిగించింది అతనే. ఆనాటి నుంచి చీకటి పడితే ఆ కంప్యూటర్ డబ్బాలోంచి టక్ టక్‌మని చప్పుడు. పిలిపిస్తే విసుక్కుంటూ వచ్చాడు.

"బల్లి దూరింటాదిలేప్పా. గంటకింతని బాడుగ తీసుకో" అని నవ్వి, ముందు ఫ్యాన్ విప్పాడు. చప్పుడు ఆగలేదు. డిస్క్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ఆగలేదు. చివరికి కరెంటు వైరు పీకేశాడు.

"ఇంగ యాడిదప్పా ఈ చప్పుడు?" అన్నాడు గొంతు తగ్గించి.

డబ్బాకు చెవి ఆనించాను. ఆ చప్పుడు నాకు తెలుసు. బోరు వేశాక నీళ్లున్నాయేమోనని గులకరాయి వదిలి, పైపుకు చెవి పెట్టి వింటాం. రాయి పక్కలకు తగులుతూ దిగుతుంది. ఎండిన బోరయితే అడుగున పొడిగా మోగుతుంది. నా చేలో వేసిన మూడు బోర్లూ అలాగే మోగాయి.

ఈసారి రాయి చాలాసేపు దిగింది. తర్వాత నీళ్లలో పడింది.

"పక్కింటోళ్లు నీళ్లు తోడుకుంటాండారేమో" అన్నాడు ప్రదీప్‌కుమార్. నా మొహం చూడలేదు.

ఇక నీళ్లు పడవని నన్ను నమ్మించి, ఈ కంప్యూటర్లకు బదులుగా అతను రాయించుకున్న నా చేను మూడెకరాల ఇరవై సెంట్లు.