పిట్టకు లెక్క రాదు

"ఈరోజు లోపల కూర్చునేది నేను," అన్నాడు స్టూడియో ఆయన, తోపులో వేసిన గుడారానికి అడ్డంగా నిలబడి.

తోడల్లుడు కెమెరా సంచి భుజం మార్చుకున్నాడు. "అలాగే అన్నయ్యా. నేనే నడుస్తాను."

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆయనకు ఒళ్ళు ఇంకా మండింది.

పిట్టకు లెక్క రాదు. గుడారంలోకి ఇద్దరు దూరి, ఒకడు బయటికొచ్చి దానికి కనబడేలా నడిచి వెళ్ళిపోతే, లోపల ఎవరూ లేరనుకుని ధైర్యంగా వచ్చి వాలుతుంది. ఆరు రోజులుగా ఆ నడిచి వెళ్ళిపోయేవాడు స్టూడియో ఆయనే. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకూ గుర్తింపు కార్డులకూ ఫోటోలు తీసి బతుకుతున్న మనిషి. తోడల్లుడేమో నిరుడు కెమెరా కొన్న బ్యాంకు గుమాస్తా. అప్పుడే వాడి పిట్ట ఒకటి క్యాలెండరెక్కింది. "మా చెల్లెలి మొగుడు తీసింది" అంటూ భార్య దాన్ని తెచ్చి సరిగ్గా స్టూడియో కౌంటరు వెనకే తగిలించింది.

టౌను హాల్లో ఫోటోల ప్రదర్శన. ఎదురు గోడకు పెద్దది ఒక్కటే పెడతారు. పంపడానికి రేపే ఆఖరు రోజు. పసుపు గొంతు పిట్ట నోరు తెరిచి పాడుతూ ఒక్కసారి దొరికితే ఆ గోడ ఆయనదే.

ఇద్దరూ లోపలికి దూరారు. స్టూడియో ఆయన తన పొడుగాటి లెన్సును గుడ్డ చీలికలోంచి మూరెడు బయటికి పెట్టి, ఎదురుగా పాతిన ఎండుకొమ్మకు గురి చూసుకున్నాడు. లెన్సు మీద స్టూడియో పేరుతో స్టిక్కరు. పెళ్ళిళ్ళలో సామాను తారుమారవకుండా అతికించుకున్నది.

"పిట్టలకు కూడా ప్రచారమా అన్నయ్యా?"

"నా సామాను, నా పేరు. నువ్వు బండి దాకా నడు. మధ్యలో ఆగకు."

తోడల్లుడు నడిచి వెళ్ళిపోయాడు. పది నిమిషాల్లో పాట మొదలైంది. ఎక్కడో దూరంగా కాదు, చెవిలో పాడినట్టే ఉంది. లెన్సులోంచి చూస్తే ఎండుకొమ్మ ఖాళీ. లెన్సు కదిలిస్తే ఎగిరిపోతుంది. అలాగే ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కాళ్ళు మొద్దుబారాయి. పిట్ట తనివితీరా పాడుకుని, తుర్రుమని పోయింది. ఒక్కసారైనా ఎండుకొమ్మ మీద వాలితే ఒట్టు.

బయటికొచ్చి చూస్తే లెన్సు మీద తెల్లగా రెట్ట. తిట్టుకుంటూ రుమాలుతో తుడిచాడు.

"దొరికిందా అన్నయ్యా?" తోడల్లుడు ఎదురొచ్చాడు.

"నీ గుడారం ఏ ముహూర్తాన వేశావో. లేదు."

"నేను బండి దగ్గర్నించి ఒకటి తీశాను. చూస్తావా?"

"నువ్వు తీసినవి చూడ్డానికేనా నేను పుట్టింది? అంత దూరం నుంచి ఏం పడుతుందిలే, ఈగంత."

తనకు దక్కనిది వాడికీ దక్కలేదన్న ఆనందంతో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ప్రదర్శన రోజు భార్యను వెంటబెట్టుకుని వెళ్ళేసరికి ఎదురు గోడ దగ్గర జనం మూగి ఉన్నారు. గోడ నిండా పసుపు గొంతు పిట్ట. గొంతు ఉబ్బించి, నోరు విప్పి పాడుతోంది. కింద తోడల్లుడి పేరు.

స్టూడియో ఆయన ఎక్కడైనా వంక దొరుకుతుందేమోనని పైనుంచి కిందికి వెతికాడు. దొరికింది.

"మోసం," అన్నాడు, పదిమందికీ వినబడేలా. "తోపులో ఇంత లావు, ఇంత నున్నటి నల్లకొమ్మ ఎక్కడుందండీ? ఏ పైపు ముక్కో తెచ్చి పాతుంటాడు. ఇలాంటివాటికి గోడలు కట్టబెట్టే కమిటీ వాళ్ళకు కళ్ళున్నాయా?"

జనం ఇటు తిరిగారు. కమిటీ పెద్ద కూడా తిరిగాడు.

భార్య కళ్ళజోడు పెట్టుకుని, ఫోటో దగ్గరికి వంగి చూసి, ఆయన మోచెయ్యి పట్టుకుని లాగింది.

"కాస్త మెల్లగా అనండి. ఆ కొమ్మ మీద మన స్టూడియో పేరుంది."