అక్క లాప్‌టాప్

"అక్క లాప్‌టాప్ అండీ, కొంచెం జాగ్రత్త," అన్నాడు రిపేరుకి తెచ్చినతను మూడోసారి. నలభై ఏళ్ల మనిషికి అక్కంటే ఇంకా ఇంత భయమా అని నాకు నవ్వొచ్చింది.

ఆన్ చేశాను. తెర మీద ఏదో లైను వచ్చి పోయింది. చదివే ఓపిక నాకెక్కడిది? లాప్‌టాప్ దేన్నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూ దగ్గరే ఆగిపోయింది, ఆ జాబితాలో హార్డ్ డిస్క్ పేరే లేదు. ఇరవై ఏళ్లుగా రిపేర్లు చేస్తున్నవాడికి ఇదో లెక్కా? విండోస్ కంటే ముందు లేచే బయాస్‌లోకి వెళ్లి, అందులోని సెట్టింగులన్నీ చెరిపేసి, కొన్నప్పుడు ఎలా ఉండేవో అలా పెట్టేశాను. లాప్‌టాప్ చక్కగా లేచింది.

"ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి. ఇక మీ అక్క మిమ్మల్నేమీ అనదులెండి," అన్నాను.

అతను ఆపి, మళ్లీ ఆన్ చేశాడు. కంపెనీ గుర్తు వచ్చి పోయింది. మళ్లీ ఆపాడు, మళ్లీ ఆన్ చేశాడు.

"ఆ గుర్తు కింద ఒక లైను వచ్చేదండీ. 'ఇది అక్కది. ముట్టుకుంటే వీపు విమానం మోతే, బుడ్డోడా' అని. తనే బయాస్‌లో రాసిపెట్టింది."

సెట్టింగులతో పాటు అదీ పోయింది.

"దానిదేముంది, ఇప్పుడే మళ్లీ కొట్టేస్తాను. మీ అక్కకి తెలియనే తెలియదు," అంటూ కీబోర్డు నా వైపు తిప్పుకున్నాను.

అతను మెల్లగా మూత వేసేశాడు.

"వద్దులెండి. అక్క పోయి ఎనిమిది నెలలైంది. రోజూ పొద్దున దీన్ని ఆన్ చేసి, ఆ తిట్టు తిని పనికి వెళ్లేవాణ్ణి. మీరు కొడితే మీరు తిట్టినట్టే ఉంటుంది."